స్వీయచిత్రాన్ని చదవడం ఎలా: ముఖం కన్నా ముందు చేతులు

చిత్రకారులు తమను తాము చిత్రించుకున్న బొమ్మ ఎదుట నిలబడినప్పుడు మన చూపు నేరుగా ముఖం మీదికి, అందులోనూ కళ్లలోకి వెళ్తుంది. ఆ మనిషి విచారంగా ఉన్నాడా, గర్వంగా ఉన్నాడా, అప్పట్లో ఏ కష్టంలో ఉన్నాడో అని ఊహించడం మొదలుపెడతాం. ఇలా చూడటంలో తప్పు లేదు గానీ, చిత్రంలో సగభాగం మన కంటబడకుండానే మిగిలిపోతుంది. స్వీయచిత్రం ఒక మనిషి పోలికను చూపిస్తూనే ఒక వృత్తి గురించి కూడా మాట్లాడుతుంది. చిత్రలేఖనం చేతిపనా లేక విద్యా, దాన్ని చేసేవారికి సంఘంలో ఏ స్థానం దక్కాలి అన్న ప్రశ్నలకు చిత్రకారుడు తన తరఫున చెప్పిన జవాబు అందులో ఉంటుంది. ఆ జవాబును వెతకవలసింది చేతుల్లో, దుస్తుల్లో, పక్కన పెట్టిన వస్తువుల్లో, అక్కడ ఉండవలసి ఉండీ లేకుండా పోయిన వస్తువుల్లో. దాన్ని ఎలా వెతకాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

మొదట ముఖాన్ని పక్కన పెట్టి చేతులు చూడండి. కుంచె ఉందా, ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) ఉందా, రెండూ లేకపోతే ఆ చేతులు ఏం చేస్తున్నాయి? జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1498లో వేసుకున్న స్వీయచిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. అందులో ఆయన 26 ఏళ్ల యువకుడు. ఖరీదైన నలుపు తెలుపు దుస్తులు, చక్కగా దువ్వి వంకీలు తీర్చిన జుట్టు, కిటికీ అవతల దూరాన మంచుకొండలు. ఒకదానితో ఒకటి ముడివేసిన చేతులకు మెత్తటి తోలు తొడుగులు ఉన్నాయి. తొడుగులు వేసుకున్న చేతితో ఎవరూ రంగు కలపరు. రెండేళ్ల తర్వాత, 1500లో వేసిన మ్యూనిక్ చిత్రంలో ఆయన క్రీస్తు చిత్రాలను తలపించేలా సరిగ్గా ఎదురుగా నిలబడి, చేతిని కోటు అంచున ఉన్న బొచ్చు మీద ఆనించుకున్నాడు. అక్కడా కుంచె లేదు. చిత్రకారుణ్ని చేతిపనివాడిగా లెక్కగట్టే నగరంలో పుట్టి పెరిగిన మనిషి, ఇటలీలో చిత్రకారులకు దక్కే గౌరవాన్ని కళ్లారా చూసి వచ్చిన మనిషి, పనిముట్లను కావాలనే చిత్రం బయట ఉంచాడని నేను నమ్ముతాను. ఇటలీలో తాను పెద్దమనిషినని, సొంత ఊళ్లో పరాన్నభుక్కునని 1506లో వెనిస్ నుంచి మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆయనే వాపోయాడు.

ఈ నేపథ్యం తెలియకపోతే యూరప్ స్వీయచిత్రాలు సగమే అర్థమవుతాయి. అక్కడ చాలాకాలం వ్యాకరణం, గణితం, సంగీతం వంటివి స్వేచ్ఛాపరులు నేర్చే విద్యలుగా చలామణీ అయ్యాయి. చిత్రలేఖనం మాత్రం వృత్తిసంఘాల కింద, మిగతా చేతివృత్తుల సరసన ఉండేది. తమ పని ఆలోచనతో కూడిన విద్య అని నిరూపించుకోవడానికి చిత్రకారులు తరాల తరబడి వాదించారు. కొందరు రాతల్లో వాదించారు, ఎక్కువమంది చిత్రాల్లో వాదించారు. 1650లో ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసాన్ తన మిత్రుడు, పోషకుడు అయిన శాంతెలూ కోసం వేసిన స్వీయచిత్రం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో ఆయన విద్వాంసుడిలా ముదురు రంగు వస్త్రం కప్పుకుని, కట్టగా కట్టి ఉన్న చిత్రపత్రాల మీద చేతిని పెట్టుకుని ఉంటాడు. వెనుక చట్రాలు బిగించిన కాన్వాసులు ఒకదాని వెనుక ఒకటి పేర్చి ఉన్నాయి. పని జరిగిన ఆనవాళ్లు అన్నీ ఉన్నాయి, రంగు మరక మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న చిత్రాన్ని దగ్గరగా చూద్దాం. బాసెల్ మ్యూజియంలో కాథరీనా వాన్ హెమెసెన్ 1548లో వేసిన చిన్న చెక్కపలక ఉంది. ఎత్తు 32 సెంటీమీటర్లకు మించదు. ఆమె ఈజిల్ (చిత్రాన్ని నిలబెట్టే చట్రం) ముందు కూర్చుంది. ఎడమచేతిలో చిన్న ప్యాలెట్, కొన్ని కుంచెలు. కుడిచేతిలో సన్నని కుంచె, ఆ చెయ్యి వణకకుండా ఆనించుకోవడానికి చిత్రకారులు వాడే పొడవాటి కర్ర. వేసుకున్నవి ముఖమల్ చేతులున్న మంచి దుస్తులు. ఈజిల్ మీది పలకలో ఒక మూల ఒక తల మాత్రమే మొదలైంది, మిగతాదంతా ఖాళీ. పక్కన లాటిన్‌లో తన పేరు, తనను తాను చిత్రించుకున్నానన్న మాట, సంవత్సరం, తన వయసు 20 అన్న వివరం రాసుకుంది. ఈజిల్ ముందు పని చేస్తూ ఉన్న చిత్రకారుల స్వీయచిత్రాల్లో మనకు మిగిలిన తొలినాటి వాటిలో ఇదొకటి. డ్యూరర్ దాచిన పనిముట్లను ఈమె ఒక్కటి కూడా వదలకుండా చూపించడానికి కారణం ఏమై ఉంటుంది? డ్యూరర్ చిత్రకారుడన్న సంగతిని ఎవరూ సందేహించరు కాబట్టి ఆయన కుంచెను వదిలేయగలిగాడు. ఇరవై ఏళ్ల యువతి చేతిలో కుంచె లేకపోతే, చూసేవారు ఆమెను ఎవరో చిత్రించారని అనుకుంటారు. అందుకే స్త్రీల స్వీయచిత్రాల్లో కుంచె సాక్ష్యం స్థానంలో ఉంటుంది.

ఈ సూత్రాన్ని పట్టుకుని తర్వాతి చిత్రాలు చూస్తే ఒక పరంపర కనిపిస్తుంది. సోఫోనిస్బా అంగ్విసోలా 1556 ప్రాంతంలో మేరీమాత, బాలయేసుల చిత్రాన్ని వేస్తున్నట్టుగా తనను చూపించుకుంది. ముఖచిత్రాలే కాకుండా పవిత్ర విషయాలు కూడా వేయగలనని చెప్పడం ఆ ఎంపికలో ఉంది. డచ్చి చిత్రకారిణి జూడిత్ లేస్టర్ 1630 ప్రాంతంలో వేసిన చిత్రంలో కుర్చీ మీద వెనక్కి వాలి, గుప్పెడు కుంచెలు పట్టుకుని, మాట్లాడబోతున్నట్టు పెదవులు విడదీసి మనవైపు తిరిగింది. అడెలైడ్ లబీల్-గియార్ 1785లో వేసిన నిలువెత్తు చిత్రం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 2 మీటర్లు దాటుతుంది. అందులో ఆమె వెనుక ఇద్దరు శిష్యురాళ్లు నిలబడి ఉన్నారు. ఫ్రెంచి రాజ అకాడమీ ఒకేసారి నలుగురికి మించి స్త్రీలను సభ్యులుగా ఉండనివ్వని కాలం అది. ఆ నలుగురిలో ఒకరైన ఆమె, తన తర్వాత మరో ఇద్దరు సిద్ధంగా ఉన్నారని చూపే చిత్రాన్ని ఆ అకాడమీ ప్రదర్శనలోనే పెట్టింది. శిష్యుల్ని చిత్రంలోకి తేవడం గురువు హోదాను చాటుకోవడమే, కానీ ఇక్కడ అది ఒక విన్నపం కూడా.

ఆర్టెమీసియా జెంటిలెస్కి ఇంకో అడుగు ముందుకు వేసింది, ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిత్రం కూడా ఆమెదే. బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్న ఈ చిత్రం 1638–39 నాటిది. చిత్రకళను ఒక స్త్రీమూర్తిగా ఎలా చూపించాలో చెప్పే సూచనలు అప్పటికే చేజరే రిపా అనే రచయిత పుస్తకంలో ఉన్నాయి: చెదిరిన నల్లని జుట్టు, మెడలో ముసుగు బొమ్మ వేలాడే బంగారు గొలుసు, వెలుగును బట్టి రంగు మారే వస్త్రం, నోటికి కట్టిన గుడ్డ. ఆర్టెమీసియా తనను తానే ఆ మూర్తిగా వేసుకుంది. జుట్టు చెదిరింది, గొలుసు ముందుకు ఊగుతోంది, చొక్కా చేతిని పైకి లాక్కున్న మోచేయి చిత్రం అంచుకు ఆనుతోంది, కుంచె పట్టిన చెయ్యి పైకి లేచింది. నోటికి గుడ్డ మాత్రం కట్టలేదు. చిత్రకళను స్త్రీగా ఊహించిన సంప్రదాయంలో పురుష చిత్రకారుడు ఆమె పక్కన నిలబడగలడు గానీ ఆమెగా మారలేడు. ఆ అవకాశం తనకు మాత్రమే ఉందని గుర్తించి దాన్ని ఇంత ధీమాగా వాడుకున్న చిత్రం మరొకటి నాకు తెలియదు. ఇక్కడ చూడవలసిన సాంకేతిక విషయం ఒకటుంది. ఆమె మనవైపు చూడటం లేదు, పక్కకు వంగి పనిలో మునిగి ఉంది. ఒక్క అద్దంతో తనను ఆ కోణంలో చూసుకోవడం కుదరదు. కనీసం రెండు అద్దాలను కోణంలో నిలపాలి.

చేతుల తర్వాత అద్దం గురించి ఆలోచించండి. ఫోటోగ్రఫీ రాకముందు తన ముఖాన్ని చూసుకోవడానికి చిత్రకారుడికి ఉన్న దారి అదొక్కటే. అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుంది కాబట్టి, కుడిచేతి వాటం గల చిత్రకారుడు చూసింది చూసినట్టు వేస్తే చిత్రంలో ఎడమచేత్తో కుంచె పట్టుకున్నట్టు ఉంటాడు. అందువల్ల కుంచె ఏ చేతిలో ఉందో గమనించండి. 1889 జనవరిలో విన్సెంట్ వాన్ గో వేసిన, చెవికి కట్టు ఉన్న చిత్రంలో కట్టు కుడిచెవికి ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆయన కోసుకున్నది ఎడమచెవిని. అద్దం చూపించినదాన్ని ఆయన అలాగే ఉంచాడు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1665–69 మధ్య వేసిన, వెనుక రెండు వలయాలున్న పెద్ద చిత్రం లండన్‌లోని కెన్‌వుడ్ హౌస్‌లో ఉంది. మొదట అద్దంలో కనిపించినట్టే చేతులను వేసి, తర్వాత ఆ తారుమారును సరిదిద్దాడని ఎక్స్‌రే పరీక్షలో తేలింది. అద్దాన్ని దాచాలా, బయటపెట్టాలా అన్నది కూడా ఒక నిర్ణయం. పార్మిజానీనో 1524 ప్రాంతంలో, ఇరవై ఒకటి రెండేళ్ల వయసులో, ఉబ్బెత్తు అద్దంలో కనిపించే వంకర ప్రతిబింబాన్ని అలాగే ఉబ్బెత్తుగా చెక్కించిన పలక మీద వేశాడు. 25 సెంటీమీటర్ల వ్యాసం కూడా లేని ఆ బొమ్మలో అన్నిటికన్నా ముందుకు, అన్నిటికన్నా పెద్దగా కనిపించేది చెయ్యే. పనిచేసే అవయవాన్ని ముఖం కన్నా పెద్దది చేయడానికి ఆయనకు ఆ అద్దం మంచి కారణం దొరికేలా చేసింది.

అద్దం గురించి తెలిస్తే ఇంకో పొరపాటు కూడా తప్పుతుంది. స్వీయచిత్రాల్లో కనిపించే ముడివడిన నుదురు, తీక్షణమైన చూపు, బిగిసిన పెదవులు చాలాసార్లు బాధకు గుర్తులు కావు. గంటల తరబడి అద్దంలోకి, అక్కడి నుంచి కాన్వాస్ మీదికి చూపు మార్చుకుంటూ పనిచేసే మనిషి ముఖం అలాగే ఉంటుంది. రెంబ్రాంట్ 1630లో చేసిన చిన్న ఎచింగుల్లో (లోహపు రేకు మీద గీసి ముద్రించే బొమ్మల్లో) కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి, నవ్వి, కోపగించి తన ముఖం మీదే హావభావాలను సాధన చేశాడు. వాటిలో ఆయన అంతరంగాన్ని వెతకడం కన్నా, జీతం అడగని నమూనాగా తన ముఖాన్ని వాడుకున్న ఒక యువ చిత్రకారుడి క్రమశిక్షణను చూడటం న్యాయం. వాన్ గో కూడా నమూనాలకు ఇచ్చే డబ్బు లేక అద్దం ముందు కూర్చున్నాడు.

తర్వాత చూడవలసింది చిత్రంలోని చిత్రం. ఈజిల్ మీద కాన్వాస్ ఉంటే దాని ముందుభాగం కనిపిస్తోందా, వెనుకభాగం కనిపిస్తోందా? ముందుభాగం కనిపిస్తే అక్కడ ఏముందో చూడండి, ఎందుకంటే చిత్రకారుడు తన వృత్తి మొత్తానికి ప్రతినిధిగా ఆ ఒక్క బొమ్మనూ ఎంచుకున్నాడు. లేస్టర్ ఈజిల్ మీద వయొలిన్ వాయిస్తూ నవ్వుతున్న మనిషి ఉన్నాడు. పరారుణ కిరణాలతో పరిశీలించినప్పుడు, అక్కడ మొదట ఒక స్త్రీ ముఖం ఉండేదని తెలిసింది. అంటే తన ముఖచిత్ర నైపుణ్యంతో పాటు, జనం ఇష్టపడి కొనే సరదా దృశ్యాలను కూడా ఒకే చిత్రంలో చూపడానికి ఆమె ఆలోచన మార్చుకుందని అనుకోవచ్చు. ఎలిజబెత్ విజే లె బ్రన్ 1790లో ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీ మ్యూజియం కోసం వేసిన చిత్రంలో రాణి మేరీ ఆంత్వానెట్ ముఖాన్ని గీస్తూ కనిపిస్తుంది. ఫ్రెంచి విప్లవం మొదలై ఆ చిత్రకారిణి ఫ్రాన్స్ విడిచి అప్పటికి ఏడాదైనా కాలేదు. కాన్వాస్ మీది ఆ ముఖం ఆమె పక్షం ఏదో చెప్పేస్తుంది.

వెనుకభాగం మాత్రమే కనిపించే చిత్రాలు మరింత ఆలోచింపజేస్తాయి. రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో వేసిన, బోస్టన్‌లో ఉన్న చిన్న చిత్రంలో ముందువైపు పెద్ద ఈజిల్ మీద పలక వీపు మనవైపు ఉంది, దాని అంచు మీద వెలుగు గీతలా పడింది. చిత్రకారుడు గది చివర, బొమ్మంతవాడై, కుంచెలు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఆయన రంగు వేయడం లేదు, ఆలోచిస్తున్నాడు. పని అంటే చెయ్యి కదలడానికి ముందు జరిగేది అన్న వాదాన్ని 25 సెంటీమీటర్ల ఎత్తులో ఇంత స్పష్టంగా చెప్పడం అసాధారణం.

ఇక స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ 1656లో వేసిన ‘లాస్ మెనినాస్’ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 3 మీటర్లు దాటిన ఎత్తున్న ఆ కాన్వాస్‌లో రాజకుమారి, ఆమె పరిచారికలు, మరుగుజ్జులు, కుక్క ఉన్నారు. ఎడమవైపు వెలాస్కెజ్ తనకన్నా ఎత్తయిన కాన్వాస్ వెనుక ప్యాలెట్, కుంచె పట్టుకుని నిలబడ్డాడు. వెనుక గోడ మీది అద్దంలో రాజు, రాణి మసకగా కనిపిస్తున్నారు. రాజకుటుంబం ఉన్న గదిలో నిలబడి పని చేసుకునే హక్కు తనకు ఉందన్నది మొదటి ప్రకటన. నడుముకు ఉన్న తాళం చెవి ఆయన ఆస్థాన పదవికి గుర్తు. ఛాతీ మీది ఎర్రని శిలువ శాంటియాగో వీరుల వర్గానిది, ఆ వర్గంలో ఆయనకు స్థానం దక్కింది 1659లో. అంటే చిత్రం పూర్తయిన తర్వాత దాన్ని చేర్చారు. ఆ గౌరవం కోసం జరిగిన విచారణలో ఆయన ఎన్నడూ అంగడి పెట్టలేదని, బతుకుతెరువు కోసం బొమ్మలు అమ్మలేదని తోటి చిత్రకారులు సైతం సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఒకవైపు వృత్తిని వృత్తిగా చేయలేదని కాగితాల మీద రుజువు చేసుకున్న మనిషి, మరోవైపు తన అతిపెద్ద చిత్రాల్లో ఒకదానిలో ప్యాలెట్‌తోనే నిలబడ్డాడు. శిలువను, కుంచెను ఒకే శరీరం మీద చూసినప్పుడు నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

దుస్తుల విషయంలో ఒకే ప్రశ్న చాలు: ఈ బట్టలతో ఎవరైనా పని చేస్తారా? లబీల్-గియార్ పట్టు గౌను, ఈకల టోపీ పనికి పనికిరావు. ఆమె చెబుతున్నది తన హోదా గురించి. రెంబ్రాంట్ 1640లో, 34 ఏళ్ల వయసులో, తనకన్నా వందేళ్ల ముందటి ఫ్యాషన్ దుస్తులు వేసుకుని, చేతిని రాతి అంచు మీద ఆనించి, టిషియన్, రాఫెల్ వేసిన ముఖచిత్రాల భంగిమను అనుసరించాడు. తనను ఏ వరుసలో నిలబెట్టాలో మనకు చెప్పాడు. దీనికి భిన్నంగా ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ 1771లో, 71 ఏళ్ల వయసులో, పాస్టెల్ రంగులతో (సుద్దముక్కల్లాంటి పొడి రంగులతో) వేసుకున్న చిత్రంలో తలకు గుడ్డ చుట్టుకుని, ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని పనిగదిలో ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. అప్పటికి ఆయన అకాడమీలో పేరున్న పెద్ద. స్థానం ఖాయమైన తర్వాత పనిబట్టల్లో కనిపించడానికి జంకనక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ముఖాముఖి చిత్రాల గురించి. పెద్ద చిత్రాల మూలల్లో దాగిన చిత్రకారులను వెతకడం కూడా అలవాటు చేసుకోండి. రాఫెల్ ‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’లో కుడి అంచున తత్వవేత్తల మధ్య నిలబడి మనవైపు చూస్తాడు. క్లారా పేటర్స్ 1612లో వేసిన, ఇప్పుడు కార్ల్స్‌రూహేలో ఉన్న పూలు, బంగారు పూత పాత్రల చిత్రంలో, ఒక పాత్ర మీది ఉబ్బెత్తు బుడిపెల్లో ఆమె ప్రతిబింబం చిన్నచిన్నగా పలుమార్లు కనిపిస్తుంది. బాగా దగ్గరగా చూస్తే తప్ప దొరకదు. మొఘల్ ఆస్థాన చిత్రకారుడు బిచిత్ర్ వేసిన, జహంగీర్ రాజులను కాదని సూఫీ గురువుకు పుస్తకం అందించే చిత్రంలో, ఎడమవైపు అట్టడుగున చిత్రకారుడు తానే ఉన్నాడు. పైన గురువు, కింద ఒట్టోమన్ సుల్తాను, ఆ కింద ఇంగ్లండ్ రాజు జేమ్స్, చివరన బిచిత్ర్. ఆయన చేతిలో ఒక చిన్న చిత్రం, అందులో రెండు గుర్రాలు, ఒక ఏనుగు, వంగి నమస్కరిస్తున్న ఒక మనిషి. చక్రవర్తి కాళ్ల కింది పీట మీద తన పేరు రాసుకున్నాడు. వినయం వల్ల అందరికన్నా కిందికి చేరాడు, పని వల్ల రాజుల వరుసలోనే చేరాడు.

ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దానికీ పనిచేస్తుంది. ఫ్రిదా కాలో 1951లో తన వైద్యుడు ఫరీల్ ముఖచిత్రం పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న తనను చిత్రించుకుంది. ఆమె ఒడిలో ప్యాలెట్ ఉండవలసిన చోట నరాలతో సహా గుండె ఉంది, కుంచెల నుంచి రక్తం కారుతోంది. నాలుగు వందల ఏళ్లుగా హోదాను చాటిన, రుజువు చేసిన ఆ పనిముట్టును ఆమె శరీర భాగంగా మార్చింది.

చిత్రం ఎవరి కోసం వేసిందో తెలుసుకోవడం కూడా మరవకండి. పూసాన్ చిత్రం మిత్రుడికి, విజే లె బ్రన్ చిత్రం స్వీయచిత్రాలనే సేకరించే ప్రసిద్ధ మ్యూజియానికి, వాన్ గో 1888లో బౌద్ధ సన్యాసిలా వేసుకున్న చిత్రం తోటి చిత్రకారుడు గోగాకు. చూసేవారు మారితే చిత్రకారుడి మాటా మారుతుంది. అలాగే ‘స్వీయచిత్రం’ అన్న పేరు మ్యూజియం పెట్టిన చీటీ మీద ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. లండన్ నేషనల్ గ్యాలరీలో యాన్ వాన్ ఐక్ 1433లో వేసిన ఎర్ర తలపాగా మనిషి పేరు పక్కన ఇప్పటికీ ప్రశ్నార్థకం ఉంది.

చేసి చూడాలనుకుంటే రెంబ్రాంట్‌తో మొదలుపెట్టండి. ఆయనవి దాదాపు 40 వర్ణచిత్రాలు, 30 వరకూ ఎచింగులు ఉన్నాయి, చాలావాటిని మ్యూజియంల వెబ్‌సైట్లలో పెద్దవి చేసి చూడవచ్చు. వాటిని సంవత్సరాల వరుసలో పెట్టి, ప్రతి చిత్రం పక్కన పనిముట్లు ఉన్నాయా లేవా, దుస్తులు ఏ కాలానివి, చేతులు ఏం చేస్తున్నాయి అన్న మూడు విషయాలే రాయండి. భావాల గురించి అప్పుడే ఏమీ రాయకండి. చాలా ఏళ్లపాటు కుంచె కనిపించదు, చివరి దశాబ్దంలో తిరిగి వస్తుంది. ఆయన చనిపోయిన 1669లో వేసిన, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న చిత్రానికి వచ్చేసరికి చేతులు ఒకదానిలో ఒకటి ముడుచుకుని ఖాళీగా ఉంటాయి. అయితే ఎక్స్‌రే ప్రకారం ఆ చేతుల్లో ఆయన మొదట కుంచెనే పెట్టి, తర్వాత తీసేశాడు. మీ పట్టికలో ఆ చిత్రం ఎదుట ‘లేదు’ అని కాకుండా ‘తీసేశాడు’ అని రాయండి, ఎందుకు తీసేశాడో ఆలోచించడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.